లావారిస్ సొత్తు – ఠాణా, చట్టము, అమానతు

ఉపోద్ఘాతము

మన పట్టణములలో ఏ పోలీసు ఠాణా ఆవరణమును చూచినను తరచుగా ఒకే దృశ్యము కనబడును. ప్రహరీగోడ వెంబడి మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు వరుసగా నిలిచియుండును. టైర్లలో గాలి యుండదు, సీట్లు చినిగియుండును, చక్రముల నడుమ పిచ్చితీగలు అల్లుకొనియుండును. ఒకనాడు ప్రతి వాహనము ఒక కుటుంబమునకు జీవనాధారము. వాయిదాల మీద కొన్నదో, అప్పు చేసి కొన్నదో అయియుండును. నేడు దానికి హక్కుదారు లేడు. ఉన్నను, తన వస్తువు అచ్చట నున్నదని అతనికి తెలియదు. తెలిసినను, దానిని విడిపించుకొను మార్గము తెలియదు.

ఠాణా లోపల మరియొక గది కలదు. దానికే మాల్‌ఖానా యని పేరు. దొంగలనుండి పట్టుకొన్న నగలు, గడియారములు, సెల్ ఫోనులు, నగదు, కత్తులు, తుపాకులు అందు భద్రపరచబడును. వాటిలో కొన్నింటికి కేసు గలదు, యజమాని గలడు. కొన్నింటికి ఏ కేసును లేదు, ఏ యజమానియు లేడు. అట్టి వస్తువును ఉర్దూలో లావారిస్ మాల్ అందురు. తెలుగులో హక్కుదారు లేని సొత్తు అనవచ్చును.

ఈ సొత్తు తుదకు ఏమగుచున్నది? ఎంత కాలము నిరీక్షించవలెను? ఎవరు అమ్మవలెను? ఆ ధనము ఎవరికి చెందును? ఆ సొత్తు తుపాకి యైనచో దానిని ఏమి చేయవలెను? ఈ ప్రశ్నలు న్యాయవాదులకు మాత్రమే సంబంధించినవని మన విద్యార్థులు తలంచరాదు. వస్తువు పోగొట్టుకొనువారిలో ఎక్కువమంది సామాన్యులే. చట్టము తెలియకపోవుట వలన తమ సొత్తును తామే వదలుకొనువారును వారే. అందుచే ఈ వ్యాసమున మేము ఆ చట్టమును, దాని వెనుకనున్న ధర్మమును సంగ్రహముగా పరిచయము చేయబూనితిమి.

పదములు చెప్పు చరిత్ర

విషయమునకు పూర్వము పదములను కొంచెము పరిశీలింతము. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు భాషలు రెండును ఒకే కప్పు క్రింద వర్ధిల్లుచున్నవి గదా! ఠాణాలోను అట్లే. తెలుగువాడు పోలీసుల యెదుట పలుకు మాటలలో సగము అరబ్బీ, పారసీ మూలములవే.

'మాల్' అనగా ధనము, సరకు. 'ఖానా' అనగా గది, ఇల్లు. లేదు అను నర్థమిచ్చు అరబ్బీ పదము 'లా'. దానికి వారసుని తెలుపు 'వారిస్' చేరగా 'లావారిస్' ఏర్పడినది. వారసుడు, వారసత్వము అని మనము నిత్యము వాడు మాటలకు మూలము ఈ 'వారిస్' పదమే. జప్తు, దావా, హక్కు, రశీదు, జామీను – ఇవన్నియు ఆ త్రోవన వచ్చినవే. వస్తువును పట్టుకొన్నప్పుడు సాక్షుల సమక్షమున వ్రాయు పత్రమును తెలంగాణమున పంచనామా అందురు. ఆంధ్ర ప్రాంతమున మహజరు అందురు. పంచనామాలో 'పంచ' మన దేశపు మాట, 'నామా' పారసీకము. మహజరు అరబ్బీ మూలము. సన్నిధి యను భావము అందు గలదు. రెండింటి ఉద్దేశ్యము ఒకటే: పదిమంది కన్నుల యెదుట జరిగినదని చెప్పుట.

సొత్తును బహిరంగముగా అమ్ముటకు మనకు రెండు పదములు కలవు. 'హరాజు' అరబ్బీ నుండి ఉర్దూ ద్వారమున వచ్చినది. 'వేలము' పోర్చుగీసు వర్తకుల వెంట సముద్రము దాటి వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. 'తుపాకి' తురుష్క భాషామూలము. ఈ విధముగా ఒక్క ప్రకటనలో – లావారిస్ సొత్తును జప్తు చేసి, పంచనామా వ్రాసి, వేలము వేయుదుము అన్న వాక్యములో – నాలుగు దేశముల మాటలు కలిసి కాపురము చేయుచున్నవి.

వీటన్నిటిలో మిక్కిలి బరువైన మాట 'అమానతు'. ఒకరు నమ్మి మరియొకరి యొద్ద ఉంచినది అమానతు. తెలుగున దానిని న్యాసము, నిక్షేపము అందుము. మాల్‌ఖానాలోని ప్రతి వస్తువు అమానతే యని మా అభిప్రాయము. తక్కిన వ్యాసమంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానము.

ప్రాచీన ధర్మములు

పోయిన వస్తువును గూర్చిన విచారణ నేటిది కాదు. మనుస్మృతి అష్టమాధ్యాయమున దీని ప్రస్తావన కలదు. యజమాని తెలియని సొత్తును రాజు మూడు సంవత్సరములు భద్రపరచవలెను. ఆ లోపల యజమాని వచ్చినచో అతడు పొందును. గడువు తీరిన పిమ్మట రాజు గ్రహింపవచ్చును. తనదని చెప్పుకొనువానిని ఊరక నమ్మరాదు. వస్తువు రూపమును, సంఖ్యను, పోయిన చోటును, కాలమును అడిగి పరీక్షింపవలెను. అబద్ధమాడినవానికి ఆ వస్తువు విలువకు సమానమైన దండనము విధింపవలెను. మన భాషలో ధర్మశాస్త్రమును తొలుత తెలుగు చేసిన కవి కేతన. 13వ శతాబ్దమున ఆయన రచించిన విజ్ఞానేశ్వరీయము మితాక్షరను అనుసరించినది. రాజాస్థానములలోని న్యాయవిచారణ తెలుగు మాటలలో చెప్పదగినదని నిరూపించిన గ్రంథమది.

ఇస్లామీయ ధర్మశాస్త్రమున దొరికిన వస్తువునకు 'లుఖతా' యని పేరు. ఫిఖహ్ గ్రంథములలో దీనికి ప్రత్యేకాధ్యాయమే కలదు. హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఈ విషయమునకు మూలాధారము. అది బుఖారీ, ముస్లిం సంకలనములు రెండింటను కలదు. దొరికిన సొమ్మును గూర్చి ఒకరు ప్రశ్నింపగా దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానపు సారాంశమిది: ఆ సొమ్మున్న సంచిని, దానిని కట్టిన త్రాటిని గుర్తు పెట్టుకొని, ఒక సంవత్సరము పాటు జనులలో ప్రకటింపవలెను. తప్పిపోయిన గొఱ్ఱెను గూర్చి అడుగగా, దానిని పట్టుకొనుటకు అనుమతించినారు. ఏలయన విడిచినచో తోడేలు పాలగును. ఒంటెను గూర్చి అడుగగా దాని జోలికి పోవలదన్నారు; ఏలయన అది తనంతట నీరు త్రాగగలదు, మేయగలదు, యజమాని కనుగొనువరకు బ్రతుకగలదు.

ఈ చిన్న సమాధానమున ఒక సంపూర్ణ న్యాయవిధానము ఇమిడియున్నది. సంచిని, త్రాటిని గుర్తించుట యనగా వస్తువు యొక్క ఆనవాళ్లను నమోదు చేయుట. సంవత్సరము చాటుట యనగా ప్రకటన, గడువు. గొఱ్ఱెకును ఒంటెకును గల భేదము – త్వరగా నశించు సొత్తునకును నిలువగల సొత్తునకును గల భేదమే. మన నేటి చట్టములలో ఈ మూడును వేర్వేరు సెక్షన్లుగా నున్నవి.

హనఫీ న్యాయశాస్త్ర గ్రంథమైన హిదాయాలో మరికొంత వివరము కలదు. పది దిర్హముల కంటె తక్కువ విలువ గల వస్తువునకు కొన్ని దినములు చాటిన చాలును; అంతకు మించినదానికి సంవత్సరము చాటవలెను. వస్తువును ఎత్తుకొనునప్పుడే సాక్షులను పిలిచి, యజమానికి చేర్చుటకై తీసికొనుచున్నానని చెప్పవలెను. అట్లు చెప్పినచో అది అతని చేతిలో అమానతగును. అతని దోషము లేక నష్టమైనను బాధ్యత యుండదు. ఇట్లు సాక్షులను నిలుపుటకును, మన పంచనామాకును గల పోలికను విద్యార్థులు గమనింతురు గాక! గడువు తీరినను యజమాని రానిచో ఆ వస్తువును పేదలకు దానము చేయవచ్చును. కాని తరువాత యజమాని వచ్చినచో, ఆ దానమునకు అంగీకరించి పుణ్యము పొందుటయో, పరిహారము కోరుటయో అతని ఇష్టము. అనగా, కాలము గడచినంత మాత్రమున యజమాని హక్కు చావదు. ఇది మిక్కిలి సూక్ష్మమైన భావన.

దొరికినవాని బాధ్యత

ఇక నేటి చట్టమునకు వత్తము. దారిలో దొరికినది దొరికినవానిదే యను లోకోక్తి మన పిల్లల ఆటలలో చెల్లునేమో గాని న్యాయస్థానమున చెల్లదు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 71వ సెక్షను ప్రకారము, ఇతరుల వస్తువు దొరకగా దానిని తన అధీనమునకు తీసికొన్నవాడు, నమ్మి అప్పగించిన వస్తువును కాపాడువానితో సమానమైన బాధ్యత వహించును. యజమాని బహుమానము ప్రకటించియున్నచో దానికై దావా వేయవచ్చును. వెదకుటకు, కాపాడుటకు తానుపడిన శ్రమకు, వ్యయమునకు యజమాని పరిహారమిచ్చువరకు వస్తువును తన యొద్ద నిలుపుకొనవచ్చును. వస్తువు చెడిపోవు ప్రమాదమున్నప్పుడు, లేక దానిపై న్యాయముగా అయిన వ్యయము విలువలో మూడింట రెండు వంతులకు చేరినప్పుడు, కొన్ని నియమములకు లోబడి అమ్మవచ్చును.

నిజాయితీ లేక దానిని సొంతము చేసికొనుట మాత్రము నేరము. పూర్వపు శిక్షాస్మృతి 403వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను ఈ నేరమును నిర్వచించుచున్నవి. ఎవరిదో తెలియని ఒక రూపాయి రహదారిపై దొరకగా తీసికొనుట నేరము కాదు. కాని విలువైన ఉంగరము దొరకగానే, యజమానిని కనుగొను ప్రయత్నమేదియు చేయక వెంటనే అమ్మివేయుట నేరము. దొరికిన సంచి మొదట ఎవరిదో తెలియకున్నను, తరువాత తెలిసిన పిమ్మట దాచుకొనుటయు నేరమే. నూతన సంహిత ఈ నేరమునకు 6 నెలలకు తగ్గని, 2 సంవత్సరములకు మించని శిక్షను, జరిమానాను విధించినది.

భూమిలో దొరకు నిక్షేపములకు 1878 నాటి ప్రత్యేక చట్టము కలదు. వాటిని గూర్చి జిల్లా కలెక్టరుకు తెలుపవలెను. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

ఠాణాకు చేరిన సొత్తు

పోలీసుల చేతికి వచ్చు సొత్తు రెండు విధములు. మొదటిది, ఏ నేరముతోను సంబంధము తెలియక కేవలము యజమాని లేక దొరికినది. రెండవది, దొంగసొత్తని అనుమానించి పట్టుకొన్నది, లేక కేసునకు సాక్ష్యముగా జప్తు చేసినది.

మొదటి తరగతికి దేశములో పెక్కు ప్రాంతములకు మార్గదర్శకము 1861 నాటి పోలీసు చట్టము. దాని 25వ సెక్షను ప్రకారము, హక్కుదారు లేని సొత్తును స్వాధీనపరచుకొనుట ప్రతి పోలీసు అధికారి విధి. దాని పట్టికను జిల్లా మేజిస్ట్రేటునకు సమర్పింపవలెను. 26వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు ఆ వస్తువుల వివరములతో ప్రకటన జారీచేసి, హక్కు గలవారు 6 నెలల లోపల వచ్చి నిరూపించుకొనవలెనని కోరును. ఎవరును రానిచో 27వ సెక్షను క్రింద అమ్మించును. వచ్చిన ధనము రాష్ట్ర ప్రభుత్వమునకు చెందును. తెలుగు ప్రాంతముల చరిత్ర వేర్వేరు గనుక ఇచ్చటి పోలీసు చట్టములును వేర్వేరుగా పుట్టినవి: ఆంధ్ర ప్రాంతమునకు మదరాసు కాలపు 1859 చట్టము, తెలంగాణ జిల్లాలకు 1329 ఫసలీ చట్టము, హైదరాబాదు నగరమునకు 1348 ఫసలీ చట్టము. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తు శకము వచ్చును. హైదరాబాదు, సైబరాబాదు కమిషనరేట్లు వదలివేయబడిన వాహనముల పట్టికలను ప్రకటించి, 6 నెలల గడువునిచ్చి, పిమ్మట వేలము వేయుట పత్రికలు చదువువారికి తెలిసినదే.

రెండవ తరగతి సొత్తు క్రిమినల్ విచారణ స్మృతి క్రిందికి వచ్చును. 1973 స్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనున్నది. పాత 457, 458, 459 సెక్షన్లే నూతన సంహితలో 503, 504, 505గా నున్నవి. పోలీసులు తాము పట్టుకొన్న సొత్తును గూర్చి మేజిస్ట్రేటునకు తెలుపగా, హక్కుదారు తెలిసినచో అతనికి అప్పగింపుమని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. తెలియనిచో ప్రకటన జారీచేయును; గడువు ఇచ్చటను 6 నెలలే. గడువులో ఎవరును హక్కు నిరూపింపక, ఆ వస్తువు ఎవరి యొద్ద దొరికినదో అతడును దానిని న్యాయముగా సంపాదించినట్లు చూపలేనిచో, అది రాష్ట్ర ప్రభుత్వ పరమగును. ఈ ఆజ్ఞపై అప్పీలునకు అవకాశము గలదు.

త్వరగా నశించు సరకునకు 6 నెలలు ఆగుట అసాధ్యము. పండ్లు, పాలు, కూరగాయలు మాల్‌ఖానాలో నిలువవు గదా! అట్టివానిని వెంటనే అమ్మించి, ఆ ధనమును హక్కుదారు కొరకు నిలుపవచ్చునని 505వ సెక్షను చెప్పుచున్నది. ఇది తోడేలు వాతబడనున్న గొఱ్ఱె న్యాయము. అమ్ముటయే యజమానికి మేలని తోచినప్పుడును, సొత్తు విలువ 10,000 రూపాయల కంటె తక్కువయైనప్పుడును ఈ మార్గమే అనుసరింపవచ్చును. పాత స్మృతిలో ఈ పరిమితి 500 రూపాయలుగా నుండెను.

నూతన సంహితలోని 497వ సెక్షను మరియొక ముఖ్యమైన మార్పు తెచ్చినది. సొత్తు న్యాయస్థానము ఎదుటకు వచ్చిన 14 దినములలో దాని వివరపట్టిక తయారు కావలెను; ఛాయాచిత్రమో, వీడియోయో తీయింపవలెను. ఆ చిత్రమే విచారణలో సాక్ష్యముగా చెల్లును. అటుపిమ్మట 30 దినములలో సొత్తును అప్పగించుటయో, జప్తు చేయుటయో, నాశనము చేయుటయో, అమ్మించుటయో నిర్ణయింపవలెను. వస్తువునకు బదులు దాని చిత్రము న్యాయస్థానమున నిలుచుట వలన, కేసు ముగియువరకు వాహనము ఎండకు ఎండి వానకు తడియవలసిన అగత్యము తొలగినది. చట్టమున వ్రాసినంత వేగముగా అన్ని చోట్లను ఇది జరుగవలెనన్నచో సిబ్బంది, స్థలము, శ్రద్ధ మూడును కావలెను.

కావలివాడే అపహరించినచో

మాల్‌ఖానాకు తాళము వేయువాడు మనుష్యుడే. నమ్మకము భంగమైనప్పుడు ఏమగునో తెలుపు రెండు తీర్పులను ఇచ్చట ప్రస్తావింతుము.

మొదటిది 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పు. పూర్వపు మైసూరు రాష్ట్రములో ఒక స్త్రీ నగలు దొంగిలింపబడినవి. పోలీసులు వానిని పట్టి మేజిస్ట్రేటు ఎదుట పెట్టిరి. ఆయన వానిని భద్రపరుపుమని పోలీసు అధికారికే అప్పగించెను. ఠాణాలోని పెట్టెనుండియే ఆ నగలు మాయమైనవి. క్రింది న్యాయస్థానములు ఆమె మొరను త్రోసిపుచ్చినవి. సుప్రీంకోర్టు మాత్రము, సొత్తు ప్రభుత్వము చేతికి వచ్చిన పిమ్మట దానిని కాపాడుట ప్రభుత్వ బాధ్యతయనియు, తగిన జాగ్రత్త తీసికొనినట్లు చూపలేనిచో దాని విలువను చెల్లింపవలెననియు నిర్ణయించి, ఆమెకు న్యాయము చేసినది. అమానతు యొక్క అర్థమును నేటి న్యాయభాషలో ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

రెండవది 2002 అక్టోబరు 1న వెలువడిన సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి – గుజరాత్ రాష్ట్రము కేసులోని తీర్పు. ఠాణాలో నిలువయున్న విలువైన వస్తువుల స్థానమున నకిలీ వస్తువులుంచిరనియు, నగదును కాజేసిరనియు పోలీసు సిబ్బందిపై వచ్చిన ఆరోపణలు ఆ కేసునకు మూలము. ఆ సందర్భమున సుప్రీంకోర్టు దేశమంతటికి వర్తించు సూచనలిచ్చినది. సొత్తును 15 దినములకు, మించినచో ఒక నెలకు పైగా ఠాణాలో ఉంచరాదు. నగలకు వివరమైన పంచనామా వ్రాసి, చిత్రములు తీసి, పూచీకత్తు గైకొని యజమానికి ఇచ్చివేయవలెను. వాహనములను ఏండ్ల తరబడి నిలుపుట వలన ప్రయోజనము లేదు. యజమాని గాని, బీమా సంస్థ గాని ముందుకు రానిచో, వాహనము న్యాయస్థానము ఎదుటకు వచ్చిన 6 నెలల లోపల వేలమునకు ఆజ్ఞ ఇయ్యవలెను. మన ఠాణాల గోడల వెంబడి తుప్పుపట్టు వాహనములను చూచునప్పుడెల్ల ఈ తీర్పు మనకు జ్ఞప్తికి రావలెను.

తుపాకి – ప్రత్యేక సమస్య

ఇంతవరకు చెప్పినది సామాన్య వస్తువులను గూర్చి. ఆయుధము విషయమున మరియొక చిక్కు గలదు. గడియారము దొరికినచో అది ఎవరిదని ఒక్క ప్రశ్న వేసిన చాలును. తుపాకి దొరికినచో రెండు ప్రశ్నలు వేయవలెను: ఇది ఎవరిది? దీనిని ఉంచుకొను అర్హత వానికి గలదా? మొదటి ప్రశ్నకు సమాధానము దొరికినను, రెండవదానికి సమాధానము లేనిచో వస్తువు తిరిగి ఇవ్వబడదు. సొంతదారుడగుటయు, లైసెన్సుదారుడగుటయు వేర్వేరు.

మన దేశమున దీనికి ఆధారము 1959 నాటి ఆయుధముల చట్టము. దాని 21వ సెక్షను సామాన్య కుటుంబములకు సైతము తెలియదగినది. లైసెన్సు గడువు తీరుట వలనగాని, రద్దగుట వలనగాని, మరే కారణము వలనగాని ఆయుధమును కలిగియుండుట చట్టవిరుద్ధమైనచో, ఆలస్యము చేయక దానిని సమీప ఠాణాధికారికి అప్పగింపవలెను. నియమములకు లోబడి లైసెన్సు గల ఆయుధ వర్తకుని యొద్దనైనను ఉంచవచ్చును. ఇట్లు ఉంచినంత మాత్రమున సొంతహక్కు పోదు. గడువు లోపల అర్హత పొందినచో తిరిగి తీసికొనవచ్చును. అర్హుడైన వేరొకనికి అమ్మవచ్చును. మరణించినవాని వారసులకును ఈ హక్కులు వర్తించును. గడువులోపల ఏదియు చేయనిచో జిల్లా మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి, సమాధానమునకు 30 దినముల వ్యవధి నొసగి, పిమ్మట ప్రభుత్వ పరము చేయును. పోలీసు కమిషనరున్న ప్రాంతములలో ఈ అధికారము కమిషనరుదే.

ఇంటి పెద్ద చనిపోయిన పిమ్మట పాత తుపాకి బీరువాలో అట్లే యుండిపోవుట కలదు. అది తాతగారి జ్ఞాపకమని ఇంటివారు తలంతురు. చట్టము దృష్టిలో మాత్రము అది లైసెన్సు లేని ఆయుధము. భర్తను కోల్పోయిన స్త్రీ తెలియక నేరస్థురాలగు ప్రమాదము ఇందు గలదు. రశీదు తీసికొని ఠాణాలో అప్పగించుట ఆమెకు రక్ష.

2019 నాటి సవరణచట్టము ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడింటి నుండి రెండింటికి తగ్గించినది. వారసత్వముగా వచ్చినవియు ఈ లెక్కలోనే చేరును. మూడవ తుపాకి గలవారికి అప్పగించుటకు ఒక సంవత్సరము గడువు ఇయ్యబడెను. ఎన్నికల సమయమున లైసెన్సు గల ఆయుధములను తాత్కాలికముగా ఠాణాలలో ఉంచుట మరియొక పద్ధతి. ఇది జప్తు కాదు. ఎన్నికలు ముగిసిన పిమ్మట అవి యజమానులకు తిరిగి ఇయ్యబడును.

నేరములో పట్టుబడిన తుపాకి సంగతి వేరు. అది మొదట సాక్ష్యము. నిపుణుల పరీక్షకు పోవును, న్యాయస్థానమున నిలుచును. నేరము రుజువైనచో 32వ సెక్షను క్రింద జప్తు చేయుమని న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. అప్పీలులో శిక్ష రద్దైనచో ఆ జప్తు ఆజ్ఞయు రద్దగును. కావున అప్పీలు తేలకముందే ఆయుధమును నాశనము చేయుట తగదు.

తుదకు ప్రభుత్వ పరమైన తుపాకిని ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు దేశదేశములు వేర్వేరు సమాధానములిచ్చినవి. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్ యందు జరిగిన హత్యాకాండ పిమ్మట ప్రభుత్వము ప్రజల నుండి 6 లక్షలకు పైగా తుపాకులను పరిహారమిచ్చి తీసికొని నాశనము చేసినది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రము ఇందుకు విరుద్ధముగా, పోలీసుల చేతికి వచ్చిన తుపాకులను నాశనము చేయక వర్తకులకు అమ్మవలెనని 2013లో శాసనమును దృఢపరచెను. టూసాన్ నగరము తన తుపాకులను నాశనము చేయుచుండగా, 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నగరమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. అమ్మినచో ఖజానాకు కొంత ధనము చేరునని ఒక వాదము. నేరమునకు సాధనమైనది మరల అంగడికి చేరుట తగదని వేరొక వాదము.

మా అభిప్రాయము రెండవ వాదము వైపే మ్రొగ్గుచున్నది. మోటారు సైకిలును వేలము వేసినచో అది మరియొక కుటుంబమునకు ఉపయోగపడును. తుపాకిని వేలము వేసినచో దాని తరువాతి గమ్యము ఎవరికి తెలియును? సామాన్య సొత్తు విషయమున రాజ్యము యజమానికి అమానతుదారు. ఆయుధము విషయమున రాజ్యము సమస్త ప్రజలకు అమానతుదారు. చారిత్రక విలువ గలదానిని మ్యూజియమున ఉంచుట, పోలీసు శిక్షణకు పనికివచ్చుదానిని అందుకు వినియోగించుట సమంజసమే. తక్కినదానిని సాక్షుల యెదుట, లెక్క సరిచూచి, ఏ భాగమును మిగులకుండ నాశనము చేయుట మేలు.

విద్యార్థుల, కళాశాల కమిటీ వారి కర్తవ్యము

విద్యార్థులారా! మీ వస్తువు పోయినచో ఠాణాకు పోవుటకు జంకవలదు. సెల్ ఫోనునకు గల 15 అంకెల సంఖ్యను, వాహనపు ఇంజను, ఛాసిస్ సంఖ్యలను, కొన్న రశీదును ముందుగనే ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొనుడు. అది ఆ సంచికి, త్రాటికి నేటి రూపము. పోయిన ఫోనును వాడకుండ నిలుపుటకు, వెదకుటకు కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ సదుపాయము 2023 మే నెల నుండి దేశమంతట కలదు. వేలము ప్రకటనలలోని వాహన సంఖ్యలను చదివి, మీ ఇరుగుపొరుగువారిది ఏదైనను కనబడినచో వారికి తెలుపుడు. 6 నెలల గడువు చదువురానివానికి ఒక్క దినముగా గడచిపోవును. చదువు వచ్చినవాడు వానికి కన్ను కావలెను.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ప్రతి సంవత్సరము తరగతి గదులలో, గ్రంథాలయమున, నమాజు గదిలో గొడుగులు, గడియారములు, పుస్తకములు, కళ్లజోళ్లు, కొన్నిసార్లు నగదు దొరకుచుండును. వానికి ఒక రిజిస్టరు ఏర్పరచవలెనని మా సూచన. అందు తేదీ, స్థలము, వస్తువు ఆనవాలు, దొరికినవారి పేరు, ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. నోటీసు బోర్డుపై ఉర్దూలోను, తెలుగులోను ప్రకటింపవలెను. అయితే వస్తువు ఆనవాళ్లన్నియు బయటపెట్టరాదు, అడుగవచ్చినవాడు తానే చెప్పవలెను. అల్పమైన వస్తువునకు ఒక నెల, విలువైనదానికి ఒక విద్యాసంవత్సరము గడువు చాలును. మిక్కిలి విలువైనదానిని వెంటనే ఠాణాలో అప్పగించి రశీదు పొందవలెను. గడువు తీరిన వస్తువులను అందరి యెదుట హరాజు వేసి, ఆ ధనమును పేద విద్యార్థుల పరీక్ష రుసుములకు వినియోగింపవచ్చును. పిమ్మట యజమాని వచ్చినచో అతనికి సమాధానము చెప్పుటకు రిజిస్టరు సిద్ధముగా నుండును.

అమానతులను వాటి హక్కుదారులకు చేర్పుడని దివ్య ఖుర్ఆన్ ఆదేశించుచున్నది. మనుధర్మమును, మన రాజ్యాంగము క్రింద వెలసిన చట్టములును ఈ విషయమున వేరు మాట చెప్పుట లేదు. రాజ్యము యొక్క న్యాయబుద్ధిని పెద్ద కేసులలో మాత్రమే కాక, ఎవరును అడుగవచ్చుటలేని ఒక పాత మోటారు సైకిలు విషయమున అది ఎట్లు ప్రవర్తించుచున్నదో చూచియు కొలువవచ్చును. కళాశాల యొక్క న్యాయబుద్ధిని, ఎవరో మరచిపోయిన గొడుగు విషయమున కొలువవచ్చును.